బుట్టకు ముందుమాట

ఆ రోజుల్లో నాకు పురుగులంటే భయం లేదు, మనుషులంటేనే. వ్యవసాయ సహాయకురాలిగా మొదటి ఉద్యోగం, ద్రాక్షారామం దగ్గర కాలవగట్టు ఊరు. వరిని తినే ప్రతి పురుగు పేరూ నోటికి వచ్చు. నలుగురు పెద్దవాళ్ల ముందు నిలబడితే మాత్రం ఒక్కటీ బయటికి రాదు. అలాంటిదాన్ని తొలకరి సార్వా నారుమడుల్లో లింగాకర్షక బుట్టలు పెట్టించమన్నారు. అదేం పేరండీ! (పెట్టిన మహానుభావుడెవరో గానీ, పెళ్లికాని పిల్ల దాన్ని పదిమందిలో పలకాల్సొస్తుందని ఆలోచించి ఉండడు.) బుట్టలో ఆడపురుగు వాసన పట్టించిన చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. దానికోసం కాండం తొలిచే పురుగు తాలూకు మగ రెక్కల పురుగులు వచ్చి కింది సంచిలో పడతాయి. ఎన్ని పడ్డాయో చూసి మందు కొట్టాలో వద్దో తేల్చుకోవాలి. ఇదంతా వివరించాలంటే ఆడ, మగ, ఆకర్షణ అన్నీ దొర్లుతాయి. అందుకని మొదటి బుట్ట తీసుకున్న మీసాల బాబాయిగారికి (చుట్టం కాదు, ఊరంతటికీ బాబాయే) "ఇది బుట్టండి. పురుగులు పడతాయండి. రోజూ లెక్క చెప్పండి, నేననేదాకా మందు కొట్టకండి" అనేసి స్కూటీ ఎక్కేశాను.

ఏటా నారు తీతకి వారం ముందే మందు కొట్టే మనిషి నా మాట మీద ఆగిపోయాడు. ఆ నారు పోతే ఆయనకి ఆ ఏడు ఊడ్పులే లేవు. రోజూ పొద్దున్నే ఫోను. "సున్నా అండి!" మొదటి మూడు రోజులూ పొంగిపోయాను. నాలుగోరోజు పక్క చేలల్లో రెక్కల పురుగులు లేస్తున్నాయని విన్నాను. ఐదోరోజూ సున్నాయే. ఆరోరోజూ అదే సున్నా. ఏడోరోజు ఉండబట్టలేక వెళ్లి చూద్దును కదా, నారు కొనల మీద గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్దలు! బుట్ట మూత తీస్తే లోపల రబ్బరు ముక్క లేదు.

"ఆ బిరడా అండీ? ప్యాకింగుదేమోనని తీసేశానండి. పారేయలేదండోయ్, ఇదిగో, జేబులోనే ఉంది" అన్నారు బాబాయిగారు గర్వంగా.

మడి పక్కనే ఇల్లు. అరుగు మీంచి పిన్నిగారు అందుకున్నారు. "అదా సంగతి! వారం నుంచీ దీపాలేళకి ఈయన చొక్కా నిండా పురుగులేనండి. ఉతుకుతానంటే, గవర్నమెంటు సామానుందని విప్పితేనా! ఇంతకీ ఏంటండీ అది?"

ఇంక తప్పలేదు. కళ్లు మూసుకుని, ఊరంతా వినపడేలా మొత్తం చెప్పేశాను, పేరుతో సహా. పిన్నిగారు భర్తని ఎగాదిగా చూసి, "పోన్లెండి, వెంటపడ్డవి మగవేగా. ఆడవైతే ఊరుకునేదాన్ని కాదు" అన్నారు.

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. మర్నాడు నారు తీసే ఆడవాళ్లతో పాటు నేనూ మోకాళ్లలోతు బురదలో దిగి, కట్టకట్టకీ కొనలు తుంచి గుడ్లతో సహా సంచిలో వేశాను. తప్పు నాదేనండీ అంటే బాబాయిగారు కోప్పడలేదు. "ఆ ఒక్క ముక్కా ముందే అనేస్తే పోయేది కదండీ. పొలం చేసుకునేవాళ్లం, మాకు సిగ్గేంటండీ?" అన్నారంతే. కోప్పడి ఉంటేనే బాగుండేది. ఊడ్పులయ్యాక కూడా, గింజ పట్టని తెల్లకంకులు వస్తాయేమోనని పంట ఈనేదాకా రోజూ ఆ చేను చుట్టూ తిరిగాను. చివరికి అక్కడొకటీ ఇక్కడొకటీ తప్ప రాలేదు.

ఇప్పుడు రైతు సభల్లో మైకు పుచ్చుకోగానే ముందు ఆ పేరే అంటాను, అక్షరం మింగకుండా. వెనక వరసలో కొత్తగా చేరిన అమ్మాయిలు తలలు దించేసుకుంటారు. వాళ్లలో ఒకత్తి అచ్చం నాలాగే ఉంటుంది, ఎప్పుడు లేచి స్కూటీ ఎక్కేద్దామా అన్నట్టు. దాన్ని పిలిచి మైకు చేతికిస్తాను.