ముందుగా పలకరించని మేడమ్

మేడమ్ పోయారని మా ఆవిడ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది. "ఉగాది ఫంక్షన్లో కలిశాం చూడండి, ఆ సైకాలజిస్టు మేడమ్. మొన్న శుక్రవారం పోయారటండీ. క్యాన్సరట. మీకు గుర్తున్నారా?" అని అడిగింది. మా అండర్ సెక్రటరీ ఫైలు కోసం నా పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏ మేడమ్?" అన్నాను నేను.

ఆవిడ నాకు గుర్తు లేకపోవడమేమిటి! ఎనిమిది నెలలపాటు ప్రతి బుధవారం సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఈ రోజు నేను దేశ రాజధానిలో, మా క్వార్టర్సున్న ఆర్.కె. పురంలో బస్సెక్కి, కడుపు సంగతి మరిచిపోయి, ఆఫీసు దగ్గర దిగుతున్నానంటే అది ఆవిడ చలవే. ఆ మాట ఆవిడ బతికి ఉండగా ఎవరికీ చెప్పలేదు. సిగ్గు విడిచి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అప్పట్లో నా కడుపే నాకు శత్రువు. పొద్దున్న ఆఫీసుకు బయల్దేరేలోపు నాలుగైదుసార్లు దొడ్డికి వెళ్ళాల్సి వచ్చేది. బూట్లు వేసుకుని గుమ్మం దాటగానే మళ్ళీ మెలిపెట్టేది. దారిలో ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి ఉందో, దేనికి తాళం వేసి ఉంటుందో నాకు కంఠతా వచ్చు. రక్తపరీక్షలు, స్కానింగులు, పేగులోకి గొట్టం వేసి చూడటం, అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. చివరికి ఒక పెద్ద డాక్టరు దీన్ని ఐ.బి.ఎస్. అంటారనీ, మీ పేగూ మెదడూ ఒకదాన్నొకటి కంగారు పెట్టుకుంటున్నాయనీ చెప్పి సైకాలజిస్టుకు చీటీ రాశాడు. నాకు ఒళ్ళు మండింది. కడుపులో నొప్పి అంటే తలకు వైద్యమేమిటి? చీటీని మడిచి పర్సులో పెట్టేశాను. రెండు నెలల తర్వాత ఒక మీటింగులో, జాయింట్ సెక్రటరీ నన్నే ఏదో అడుగుతుండగా, లేచి పరిగెత్తాల్సి వచ్చింది. మర్నాడే ఆ చీటీ బయటికి తీశాను.

కటవారియా సరాయ్‌లో, పరీక్షలకు చదివే కుర్రాళ్ళు అద్దెకుండే ఒక మేడమీద మేడమ్ గది. వరంగల్ వైపు మనిషి. నూలు చీర, కాస్త గట్టి గొంతు.

"నాకేం పిచ్చి లేదండీ" అన్నాను కూర్చోకముందే.

"నాకు గూడ లేదు సార్. కూసోండి" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "నొప్పి నిజమే. మీరు తెచ్చిపెట్టుకున్నది కాదు. కాకపోతే, వస్తదేమో వస్తదేమో అన్న భయం దాన్ని ఇంకింత పెంచుతున్నది. మనం ఆ భయం సంగతి చూద్దాం" అన్నారు. నా నొప్పి నిజమేనని అంతవరకు ఒక్కరూ అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దగ్గు వచ్చినట్టు నటించాను.

లేచి వస్తుంటే ఆవిడ తన పద్ధతి ఒకటి చెప్పారు. "బయట ఎక్కడన్న కలిస్తే నేను ముందుగాల పలకరియ్యను. మీరు పలకరిస్తే పలుకుత. లేకుంటే మనం ఒకరికొకరం తెల్వనోళ్ళమే. నా దగ్గరికొచ్చే అందరికీ ఇదే రూలు." నాకు ప్రాణం లేచి వచ్చింది. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నానని తెలిస్తే క్వార్టర్సులో తల ఎత్తుకోలేనని నా భయం. ఇంట్లో కూడా చెప్పలేదు. దక్షిణాది ఉద్యోగులకు హిందీ క్లాసులు పెడతారు కదా, బుధవారం వాటికి వెళ్తున్నానన్నాను. "ఎన్నాళ్ళండీ ఆ హిందీ? కూరగాయల భయ్యాతో ఇప్పటికీ నేనే మాట్లాడుకోవాలి" అని మా ఆవిడ సణిగేది.

మేడమ్ చేతిలో పెద్ద మందేమీ లేదు. ఒక ప్రశ్న ఉండేది. "అప్పుడేమైతది?"

"బస్సులో నొప్పి వస్తుంది."

"అప్పుడేమైతది?"

"దిగిపోతాను."

"దిగితే ఏమైతది?"

"ఆఫీసుకు లేటవుతుంది."

"లేటైతే?" అలా లాక్కుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట నాకే నవ్వు వచ్చేది. పొట్టమీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తియ్యడం నేర్పారు. కడుపులో నిమ్మళంగా పారేది ఏదైనా ఊహించుకోమన్నారు. నేను మా ఊరి పంటకాలువను అనుకున్నాను.

ఒకసారి ఆవిడే నాతో బస్సెక్కారు, ధౌలా కువాన్ దాకా, రెండు సీట్ల వెనక, తెలియని మనిషిలా. రింగురోడ్డు మీద బస్సు ఆగిపోయింది. కడుపు తిప్పడం మొదలైంది, చెమటలు పట్టాయి. దిగిపోదామని లేచి వెనక్కి చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెయ్యి మాత్రం తన పొట్టమీద పెట్టుకుని ఉన్నారు. నేను కూర్చుని అలాగే పెట్టుకున్నాను. ధౌలా కువాన్ వచ్చింది, ఏమీ కాలేదు. ఆవిడ వెనక గుమ్మంలోంచి దిగి, నా వైపు చూడకుండానే అవతలి బస్టాపుకు నడిచి వెళ్ళిపోయారు.

నొప్పి పూర్తిగా పోయిందనను. ఎప్పుడైనా వస్తుంది, వెళ్తుంది. బతుకు దాని చుట్టూ తిరగడం మాత్రం ఆగింది. ఇక అవసరం లేదనిపించగానే, ఒక థాంక్స్ కూడా చెప్పకుండా మానేశాను.

ఈ ఉగాదికి తెలుగువాళ్ళ ఫంక్షన్లో మా ఆవిడే మేడమ్‌ను నా దగ్గరికి తీసుకొచ్చింది. "ఏమండీ, కడుపు జబ్బులకు కూడా వీరు మాటలతో నయం చేస్తారట. మీరు అంత బాధపడ్డప్పుడు తెలిసుంటే ఎంత బాగుండేది!" అంది. పక్క బ్లాకులో ఉండే ఒకావిడ, ఏళ్ళ తరబడి ఇదే బాధ పడుతున్న మనిషి, చేతిలో పులిహోర ప్లేటు అలాగే పట్టుకుని ఆశగా వింటోంది. మేడమ్ నాకు నమస్కారం పెట్టి, "మీరు ఏ మినిస్ట్రీల పనిచేస్తరు సార్?" అని కొత్తవాళ్ళను అడిగినట్టే అడిగారు.

నేను అక్కడితో ఆగవలసింది. నవ్వి, "మాటలతో కడుపునొప్పి తగ్గుతుందంటే ఇంక హాస్పిటళ్ళు ఎందుకు?" అన్నాను. పక్క బ్లాకు ఆవిడ కూడా నవ్వేసి, ప్లేటులోకి చూసుకుంది. మేడమ్ ముఖం మాడలేదు. "అందరికీ తగ్గదు సార్. కొంతమందికి తగ్గుతది" అన్నారు, అంతే.

ఫోన్ వచ్చిన సాయంత్రం మా ఆవిడకు అంతా చెప్పేశాను. నా హిందీ క్లాసుల అబద్ధాన్ని తను పట్టించుకోలేదు. "ఆవిడ ఎదురుగానే అంత మాట ఎలా అన్నారండీ?" అంది. మర్నాడు పక్క బ్లాకుకు వెళ్ళి ఆవిడకూ చెప్పాను. "ఇప్పుడా చెప్పడం అన్నయ్యగారూ! ఆ రోజే వెళ్దామనుకున్నాను" అంది. ఆ పెద్ద డాక్టరు ఇంకో సైకాలజిస్టు పేరు చెబితే రాసుకొచ్చి ఇచ్చాను. వెళ్తుందో లేదో తెలియదు.

మేడమ్‌ను చివరిసారి చూసింది నెల కిందట, మా సెక్టారు వారపు సంతలో. తలకు స్కార్ఫు కట్టుకుని ఉన్నారు, సగానికి సగం చిక్కిపోయారు. నేను ఒక్కణ్ణే ఉన్నాను, తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆవిడ నన్ను చూశారు. ముఖం తిప్పుకోలేదు, నవ్వనూ లేదు, ఊరికే చూస్తూ నిలబడ్డారు. ఉగాది నాటి మాట గుర్తొచ్చి, నేను జేబులోంచి సెల్‌ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చెవికి పెట్టుకున్నాను. అప్పుడు ఆవిడ ఆకుకూరల బండి వైపు తిరిగి ఒక మెంతికూర కట్ట చేతిలోకి తీసుకున్నారు. నేను ఆ బండి దాటి వెళ్ళిపోయేదాకా ఆ కట్టనే అటూ ఇటూ తిప్పి చూస్తూ తల ఎత్తలేదు.