దెబ్బ కాసే సీతయ్య

బఫర్ అనే మాటను ఇంగ్లీషువాళ్లు సీతయ్యను చూసే కనిపెట్టారు. కాదన్నవాళ్లు వెళ్లి ఆయన కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లను అడగండి.

వయసులో ఉన్నప్పుడు ఆయన బొగ్గు వ్యాగన్లకు కొక్కేలు తగిలించేవాడు. పాత వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు మధ్యలో దెబ్బ కాసే ఇనుప దిమ్మెలే బఫర్లు. వాటి నడుమ చెయ్యి పడింది, రెండు వేళ్లు పోయాయి.

పాల్వంచ కరెంటు ప్లాంటులో బాయిలరు నీళ్లు పరీక్షించే కూతురు రోజారాణి తన ల్యాబులోనూ బఫర్ ఉందనేది. అదొక ద్రావణమట, కాస్త ఆమ్లం పడ్డా దాని గుణం చెడదట.

"నా గుణం మాత్రం చెడ్డదా?" అని సీతయ్య మీసం తిప్పేవాడు.

తొమ్మిదో తరగతిలోనే బడి మానేసి ఇప్పుడీ కథ రాస్తున్న మనవరాలు నవత, ఫోనులో సినిమా ఆగినప్పుడల్లా "బఫరింగ్, తాతా" అనేది. "జర సినిమా ముందుగాల దాసిపెట్టుకుంటది."

"మరి దాసింది ఏడబోయిందే? నువ్వే మింగినవా?"

నవ్వులన్నీ అంతవరకే. ఈ వానాకాలం అడవి సారు వచ్చి, సీతయ్య పోడు చేను బఫర్ జోనులో పడిందన్నాడు. నడి అడవికీ ఊళ్లకీ మధ్య ఉండే జాగా అట. చేనుకు అడ్డంగా కందకం తవ్వుతారట.

"అడవికి దెబ్బ తగలొద్దని మమ్ముల మధ్యల పెడ్తరా? మరి మా దెబ్బ ఎవడు కాస్తడు?"

"పైనుంచి ఆర్డరు, పెద్దాయనా."

"పైనున్నోణ్ని గీడికొచ్చి ఒక్కపూట నాగలి పట్టమను!"

విత్తనాల పండుగ ఊరంతా కలిసి చెయ్యాలి. అది కాకుండా గింజ నేలలో పడదు. మర్నాడు సీతయ్య ఎవరికోసమూ ఆగలేదు. ఒక్కడే కోడిని కోసి, జొన్నలు చల్లి, చేను మధ్యలో కూర్చున్నాడు. ఊరి కట్టు తప్పావని పెద్దమనిషి వెంకటప్పయ్య తిట్టిపోయాడు. సీతయ్య అంతకు రెండింతలు తిట్టాడు.

తవ్వే మిషను రానే వచ్చింది. దాన్ని నడిపే నాగరాజుది చర్ల దగ్గర అడవిపల్లె. చల్లిన గింజలూ కోడి ఈకలూ చూసి ఇంజను ఆపేశాడు.

"పండుగ జేసిన చేను నేను తవ్వ, సార్. తవ్వితే మా ఇంటి గింజ మొలవది."

సారు ఎంత అరిచినా అతను మళ్లీ మిషను ఎక్కలేదు. రేపు ఇంకో డ్రైవరును తెస్తానని సారు జీపెక్కాడు.

"గెల్సినవ్ తాతా! నీ మీద కథ రాస్త," అంది నవత.

"రాసుడు గీసుడు బంద్ పెట్టు. రేపు పొద్దుగాల వచ్చి నా పక్కన కూసో."