మస్తాన్ సాబు మెల్లిగా లాగిన తిత్తి

పుంగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నమ్మలేదు. నా సంగతి అందరికీ తెలుసు కనుక, నా అబద్ధాలకు ఎవరో బదులు తీర్చుకుంటున్నారనుకున్నాను. కాదు. మా ఆర్కెస్ట్రాకు ప్రాణవాయువైన అకార్డియన్ విద్వాంసుడు మస్తాన్ సాబు గత శుక్రవారం వేకువన అస్తమించారు. ఆ వార్త నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది.

నేను ఆ ఆర్కెస్ట్రా అనౌన్సర్‌ని. సాబు అకార్డియన్ పెట్టె గురించి వేదికలెక్కి కోయని కోత లేదు. ఓడ మునిగితే తిమింగలం మింగిందనీ, దాని కడుపులోనూ అది పలుకుతుంటే జాలర్లు విని పట్టుకున్నారనీ చెప్పేవాణ్ణి. సాబు ముఖం కదపకుండా మైకు దగ్గరికి వంగి, "మదనపల్లెలో సెకండ్ హ్యాండు కొంటినప్పా" అనేవారు. జనం నా కథకంటే ఆ మాటకే ఎక్కువ నవ్వేవారు.

నాదం విషయంలో మాత్రం ఆయన పరిహాసం ఎరగరు. "కింది స్వరం పలికే రేకు, అదే రీడు, పొడుగుది, నిదానంగా లేస్తాది. లేవలేదని గాలితిత్తి గుంజితివా, శ్రుతి కిందికి జారతాది. పై రీడు పొట్టిది. గాలి సోకితే సాలు పలుకుతాది, అంతగా జారదు. మరీ గుంజితే పలకడమే మానేస్తాది" అనేవారు. అందుకే రీడ్లను స్వయంగా గీకి, తన మృదువైన లాగుడుకు సరిపోయేటట్టు శ్రుతి చేసుకున్నారు.

ఇక కుప్పంలో జరిగినదానికి నేను రంగులు పూయడం లేదు. మా గాయని రత్నమ్మ గొంతు ఆపరేషన్ తర్వాత తొలిసారి పాడుతున్న సాయంకాలమది. ఈరోజు గొంతు నిలవకపోతే మళ్ళీ స్టేజీ ఎక్కనని వ్యానులోనే చెప్పేసింది. పల్లవి సగంలో కరెంటు పోయింది. మైకు మూగబోయింది. ఈలలు మొదలయ్యాయి. ఒక మట్టిగడ్డ వచ్చి డ్రమ్ము మీద పడింది. రత్నమ్మ గొంతు వణికింది.

నేను పాక్కుంటూ సాబు దగ్గరికి పోయి, "గట్టిగా లాగన్నా, ఎవురికీ ఇనపడలా" అన్నాను.

ఆయన రత్నమ్మ మీదినుంచి చూపు తిప్పలేదు. "గట్టిగా లాగితే కిందివి జారతాయి, పైవి ఆడ్నే నిలబడతాయి. నడుమ పాడే మనిషి యాడికి పోవల్లప్పా?"

ఇంకా మెల్లిగా లాగారు. ఈలల్లో ఆ నాదం మునిగిపోయింది. ఇంకో గడ్డ ఆయన భుజానికి తగిలింది. తిత్తి చెదరలేదు. రత్నమ్మ పెట్టె పక్కకు జరిగి, దాన్ని మాత్రమే వింటూ పాడింది. ముందు వరుసవాళ్ళు చెవులు రిక్కించి, వినబడక, వెనకవాళ్ళను గదిమారు. ఆ గదమాయింపు వరుసలు దాటుకుంటూ మైదానం చివరిదాకా పోయింది. రెండో చరణానికి ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

మొన్న సాబుకు మట్టి ఇచ్చి ఆయన ఇంటికొచ్చాక, బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒక వాద్యకారుడు పెట్టె ఎత్తుకున్నాడు. అలవాటుగా బలంగా లాగాడు. కింది స్వరాలు జారిపోయాయి. రీడ్లు చెడిపోయాయన్నాడు.

"చెడిపోలేదు. మెల్లిగా లాగప్పా" అంది రత్నమ్మ.

లాగాడు. కింది రీడు వెంటనే లేవలేదు. ఒక క్షణం తర్వాత లేచింది, శ్రుతిలో నిలిచింది. తర్వాతి స్వరానికి అతని చెయ్యి ఆగలేక మళ్ళీ జారింది. పెట్టె మూసి బెల్టు బిగించాడు.

ఆ నాదమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. తిమింగలం కథ ఇక చెప్పను. చెప్పినా, మైకు దగ్గరికి వంగి మదనపల్లెలో కొన్నానని సరిదిద్దే మనిషి లేడు.