బాపు కన్నా ముందు బయల్దేరిన సంచి

మా బాపు గడప దాటడం అంత తేలికైన పని కాదు. ముందు పంచాంగం ఒప్పుకోవాలి, తర్వాత గోడ మీది బల్లి ఒప్పుకోవాలి. ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. తుమ్మితే రెండోసారి కూడా తుమ్మాలి. ఒంటి తుమ్ము వినబడిందంటే బాపు వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ లేచేవాడు. మొలతాడుకు చిల్లి పైసా, జబ్బకు దర్గా తాయెత్తు, మణికట్టుకు ఆంజనేయుడి గుడిలో కట్టిన ఎర్రదారం ఉండేవి. దేవుళ్ల విషయంలో ఆయనకు పక్షపాతం లేదు. ఇంత బందోబస్తుతో వెళ్లి కూడా నల్గొండ కోర్టులో భూమి కేసు ఓడిపోయి వచ్చాడు. వకీలును ఏడాది పాటు తిట్టాడు గానీ చిల్లి పైసాను ఒక్క మాట అనలేదు.

బాపు శకునాలన్నింటిలోకీ పెద్ద అపశకునం మా ఇంట్లోనే ఉండేది. ఆమె బాపు అక్క, మా మేనత్త. పన్నెండేళ్లకు పెళ్లయి, పద్నాలుగేళ్లకు భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. బర్రెల పాలు పితికేది, జొన్నలు విసిరేది, మమ్మల్ని ఎత్తుకుని పెంచింది. ఆమె పితికిన పాలకు దోషం లేదు, ఆమె వండిన అన్నానికి దోషం లేదు. దోషమంతా ఆమె ముఖానికే. బాపు ప్రయాణమంటే చాలు, ఎవరూ చెప్పకుండానే వెనకింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకునేది. ఇంట్లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

యాభైల చివర్లో, నాకు పదమూడేళ్లప్పుడు, నల్గొండ అవతలి ఊరి నుంచి నాకొక సంబంధం వచ్చింది. అప్పుడే ఏడో తరగతి పరీక్షలు రాసి, మోత్కూర్‌లో ఎనిమిదిలో చేరతానని కలలు కంటున్నాను. వరుడికి రెండు బావులు, నాలుగు ఎడ్లు, చనిపోయిన ఒక భార్య, నా కన్నా రెండేళ్లు చిన్నదైన ఒక కూతురు ఉన్నారు. బాపు చెవికి బావులూ ఎడ్లూ మాత్రమే వినబడ్డాయి. వెళ్లి మాట ఖాయం చేసుకు వస్తానన్నాడు. నేను రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చాను. అమ్మ కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

బాపు బయల్దేరిన పొద్దున, ఎన్నడూ లేనిది, మేనత్త ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆయనకు ఎదురుగా వచ్చింది.

"జర చూసుకోవద్దా అక్కా," అన్నాడు బాపు.

"మతికి లేదు తమ్మీ," అంది.

ఆయన వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి లేచేసరికి బస్సు వెళ్లిపోయింది. మా ఊరి మీదుగా నల్గొండకు రోజుకు ఒక్కటే బస్సు. దాని డ్రైవరు పంచాంగం చూసేవాడు కాదు.

తర్వాతి మంచి ఘడియ బుధవారం మధ్యాహ్నం పడింది. అప్పుడు బస్సు లేదు. బస్సున్న గురువారం పొద్దునేమో దక్షిణానికి శూల, అంటే ఆ దిక్కుకు ప్రయాణం కూడదు; నల్గొండ మాకు దక్షిణమే. ఇలాంటి చిక్కులకు మనవాళ్లు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. దాని పేరు ప్రస్థానం. మంచి ఘడియలో మనిషికి బదులు అతని సంచిని బయల్దేరదీసి వేరే ఇంట్లో ఉంచితే, ప్రయాణం మొదలైనట్టే లెక్క. మనిషి తర్వాత తీరిగ్గా వెళ్లవచ్చు.

అలా బుధవారం మధ్యాహ్నం, మేనత్తను వెనకింట్లో కూర్చోబెట్టి, ధోవతి, తువాల, పసుపు బియ్యం ఉన్న సంచిని బాపు బస్సు ఆగేచోట ఉన్న దర్జీ ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాడు. వచ్చి కడుపునిండా తిని పడుకున్నాడు. గురక పెడుతున్నాడు గానీ, శాస్త్రం ప్రకారం ఆ సమయానికి ఆయన దారిలో ఉన్నాడు.

సాయంత్రం మేనత్త నా లంగా చినిగిందని చెప్పి నన్ను దర్జీ ఇంటికి తీసుకెళ్లింది. అరుగు ముందు ఆగి, తల మీది కొంగు తీసేసి, సంచికి ఎదురుగా నిలబడింది. దర్జీ మిషన్ తొక్కడం ఆపాడు.

"ఏమైందక్కా?"

"ఏం లేదు భాయ్. మా తమ్ముడు ఊరికి పోతాండు గద, ఎదురొచ్చిన."

మర్నాడు సద్దిమూట పట్టుకుని బాపు వెంట నేనూ వెళ్లాను. దర్జీ అబద్ధమాడలేని మనిషి. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. బాపు అరుగు మీద కూలబడ్డాడు.

"సంచికి ఎదురొస్తే నాకు ఎదురొచ్చినట్టా?" అని దర్జీనే అడిగాడు.

"సంచి అంటే మీరేనా, కాదా? ముందుగాల గది చెప్పున్రి పటేలా."

బాపు చాలాసేపు ఆలోచించాడు. సంచి తానే అయితే అపశకునం తగిలింది. సంచి తాను కాకపోతే గురువారం శూలకు ఎదురు వెళ్తున్నాడు. ఆయన ఇంకా ఆలోచిస్తూ ఉండగానే బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక సద్దిమూట వెనక ముఖం దాచుకున్నాను.

ఇంటికొచ్చి అడిగాడు. "కావాలనే చేసినవా అక్కా?"

"చేసిన తమ్మీ. నా ముఖం మంచిది కాదని గిన్నేండ్ల సంది మీరే అంటిరి. ఒక్కపారి పిల్లకు అక్కరకొచ్చింది."

బాపు ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. వారం తిరిగేలోపు మూఢం వచ్చిపడింది, పెళ్లి మాటలు ఆగిపోయాయి. బావులాయన ఇంకెక్కడో పిల్లను చూసుకున్నాడు. నేను ఎనిమిదిలో చేరాను.

ఆ తర్వాత హాస్టల్లో ఈ సంగతి చెప్పి ఎందరిని నవ్వించానో లెక్కలేదు. మా మేనత్తంత గడుసు నాస్తికురాలు జిల్లాలోనే లేదని గొప్పగా చెప్పేదాన్ని. అరవైల్లో షాద్‌నగర్ దగ్గరి ఒక ఊళ్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. వారం చూడలేదు, ఘడియ చూడలేదు. మేనత్త ఎదురొస్తేనే ఇల్లు కదులుతానని అందరి ముందూ ప్రకటించాను. బాపు తల వంచుకున్నాడు. నాకు భలే గర్వంగా అనిపించింది.

మేనత్త మాత్రం ఇంట్లో లేదు. వెతుక్కుంటూ వెళ్తే బర్రెల కొట్టంలో, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"రా అత్తా, నువ్వెదురొస్తేనే పోత," అన్నాను.

ఆమె తిరగలేదు. "ఆనాడు చెడిపోవాలనే ఎదురొచ్చిన బిడ్డా. చెడిపోయింది గద. నీ నౌకరిని గూడ చెడగొడుదునా? పో, ఎనుకకు సూడకు."

ఆమె బాపును ఎగతాళి చేసిందని అప్పటిదాకా నేను అనుకున్నాను. ఆమె చేసింది ఎగతాళి కాదు. తన ముఖం విషమని మా ఇల్లంతా కలిసి ఆమెను నమ్మించింది, ఆమె నా కోసం ఆ విషాన్ని వాడింది. మా ఇంటి మీద, అందులో నా మీద కూడా, నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. చుట్టూ తిరిగి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. ఆమె కొంగుతో ముఖం మొత్తం కప్పేసుకుని, బస్సు హారన్ వినబడేదాకా తియ్యలేదు.