మా అత్త పెట్టించిన అంగడి

మా ఊరు కోదాడకు తూర్పున, నిజాం రాజ్యం చివరన ఉండేది. వాగు దాటితే ఇండియన్ యూనియన్. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఆ రెండు రాజ్యాలకూ చెడింది. ఈ ఒడ్డున నిజాం పోలీసులు, ఆ ఒడ్డున యూనియన్ పోలీసులు తుపాకులతో నిలబడ్డారు. మా గొంగళ్లు అటు పోవడం ఆగింది, వాళ్ల ఉప్పు ఇటు రావడం ఆగింది. మాది గొర్రెలు కాసే ఇల్లు. మేమంటే చప్పటి గటక తిని బతికాం గానీ, ఉప్పు లేక మందలో జీవాలు చిక్కిపోయాయి.

యూనియన్ సైన్యం వచ్చి నిజాం పాలన పోయింది. తుపాకులూ పోయాయి. ఒకరంటే ఒకరికి భయం మాత్రం పోలేదు. రెండు ఒడ్ల ఊళ్ల మగవాళ్లూ కర్రలు పట్టుకుని వాగు దగ్గర కావలి కాస్తూనే ఉన్నారు.

వానలు తగ్గాక ఒక పొద్దున మా అత్త రెండు గొంగళ్లు నెత్తిన పెట్టుకుంది.

"నడువ్ పిల్లా, అవుతలికి పోదాం."

"వద్దత్తా, కొడతరు."

"ఆడోళ్ల మీద కట్టె లేపేటోడుంటే వాని మొఖం నేను సూడాలె."

మోకాలి లోతు నీళ్లలో దాటాం. అవతల కర్రలవాళ్లు అడ్డం వచ్చారు. "ఎవరమ్మా మీరు? ఎందుకొచ్చారు?"

అత్త గొంగడి విప్పి పరిచింది. "సలికాలమొస్తున్నది. మీకు గొంగడి కావాలె, మాకు ఉప్పు కావాలె. కొట్లాట ఎవలకు కావాలె?"

ఇంతలో ఒక ముసలామె వాళ్లను తోసుకుంటూ వచ్చింది. పూర్వం మా వీధుల్లో ఉప్పు గంప తిప్పినామె. "బతికే ఉన్నావా వదినా!" అంటూ అత్తను కావలించుకుని ఏడ్చింది. అడ్డం నిలిచినవాళ్లలో ఆమె కొడుకూ ఉన్నాడు. కర్ర పక్కన పడేశాడు. గొంగళ్లకు బదులు మాకిచ్చిన ఉప్పు గంప తనే మోసుకుని మా ఒడ్డుకు వచ్చాడు. కావలి ఉన్న మా మామ ఒక్క క్షణం తటపటాయించి, "దించు బిడ్డా" అని గంపకు చెయ్యి వేశాడు.

తర్వాత రెండు ఊళ్ల పెద్దలూ ఇసుకలో కూర్చున్నారు. వారం వారం అంగడి పెట్టాలన్నారు గానీ, ఏ ఒడ్డున అన్న దగ్గర మళ్లీ మాటామాటా పెరిగింది.

"ఒక వారం గీడ, ఒక వారం గాడ. గింతదానికి లొల్లేంది?" అంది అత్త.

ఆడమనిషి మాటను పంచాయతీ ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. కొన్నాళ్లకు మునగాల బండ్లు కూడా వడ్లతో అక్కడికే రాసాగాయి. సూర్యాపేటలో మా పుట్టింటికి పోతే, "ఆ అంగడి ఎవలు పెట్టిన్రు?" అని అడిగేవారు. మా అత్తే అని నలుగురికీ వినబడేలా చెప్పేదాన్ని.