చైనా మహాముని పుట్టుపూర్వోత్తరాలు

ఏ మాట ఎవరన్నారో తేల్చే ఈ పిచ్చి శ్యామ్‌సుందర్‌కు తన తండ్రి సంతాపసభలో పట్టుకుంది.

బషీర్‌బాగ్‌లో హాలు తీసుకున్నారు. బంధువులంతా తెల్లబట్టల్లో కూర్చున్నారు. మేనమామ జగన్మోహనరావు మైకు అందుకుని, గొంతు బాగా బరువెక్కించి, "మా బావ ఎప్పుడూ ఒక్కటే మాట అనెటోడు. జీవితం ఒక ప్రయాణం, మనమంత బాటసారులం అని" అన్నాడు. సభలో అక్కడక్కడా ముక్కులు చీదారు. ముందు వరుసలో ఉన్న శ్యామ్‌సుందర్ లేచి నిలబడ్డాడు.

"మామా, నాయిన ఆ మాట ఎన్నడూ అన్లే. 'ఫ్యాను బందు చెయ్యకుండ పోయిందెవడ్రా' అని మాత్రం రోజూ అన్నడు. దవాఖానల గూడ గదే అన్నడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అది ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి పురోహితుడు కూడా ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మేనమామ ఇంట్లో ఏ శుభకార్యమైనా అది అయిపోయాకే శ్యామ్‌సుందర్‌కు కబురు అందుతుంది.

ఆయనకు మాత్రం రవ్వంత పశ్చాత్తాపం లేదు. మనిషి ఎలాగూ పోయాడు, ఆయన మాట కూడా ఊడబెరికి ఇంకెవరిదో తగిలిస్తే ఇక మిగిలేదేమిటని ఆయన వాదన.

వాదన ఇంట్లో ఉంటే ఫరవాలేదు. దాన్ని దుకాణంలోకి తెచ్చాడు. అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో ఆయనకు షీల్డులు, మెమెంటోలు చేసే చిన్న దుకాణముంది. ఎవరు సూక్తి చెక్కమని వచ్చినా, "ఇది ఆయన ఎప్పుడన్నడు? ఎవరితోనన్నడు?" అని మొదలుపెడతాడు. పెళ్లిరోజు కానుక కోసం వచ్చిన జంటలు ముఖముఖాలు చూసుకుని పక్క దుకాణానికి వెళ్లిపోతారు. పక్కవాడు ఏ మాటకు ఏ మహాత్ముణ్ణి తగిలించమన్నా తగిలించి, పైన గులాబీ పువ్వు కూడా వేసిస్తాడు.

"మీకు దుకాణం గావాల్నా, కోర్టు గావాల్నా?" అని భార్య అహల్య చాలాసార్లు అడిగింది.

ఒక వానాకాలం పొద్దున వెంకటేశ్వర్లు వచ్చాడు. జీవితంలో గెలవడమెలాగో జనానికి నేర్పడం ఆయన వృత్తి. తన సంస్థ వార్షికోత్సవానికి షీల్డులు కావాలన్నాడు. వాటి మీద చెక్కాల్సింది ఇది: 'నిలబడి చూసినవాడికే లోతు తెలుస్తుంది.' కింద, చైనా మహాముని.

"ఏ మహాముని?"

"చైనా ఆయనండీ."

"గంత పెద్ద దేశంల ముని ఒక్కడేనా? పేరేంది?"

"పేరులో ఏముందండీ, భావం చూడండి. ఎంత లోతుందో!"

శ్యామ్‌సుందర్‌కు ఆ మాట కొత్త కాదు. ఒక బ్యాంకు మేనేజరు వీడ్కోలు సభలో దాన్ని గ్రీకు తత్త్వవేత్త పేరుతో విన్నాడు. కోఠిలో పళ్ల డాక్టరు గోడ మీద ఒక ఫకీరు పేరుతో చదివాడు. ఇప్పుడు చైనా కూడా చేరింది.

"చెక్కుత. ఎవరన్నరో తేలినంక" అన్నాడు.

వెంకటేశ్వర్లు తను చూసిన క్యాలెండరు ఫొటో ఫోన్‌లో పంపాడు. అందులో సూక్తి పక్కన ఒక గడ్డం ముని బొమ్మ, అడుగున సన్నటి అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉన్నాయి. అది నాంపల్లి ప్రెస్సు. మర్నాడు శ్యామ్‌సుందర్ గొడుగు పట్టుకుని అక్కడికి వెళ్లాడు.

ప్రెస్సు యజమాని ప్రేమ్‌రాజ్ నెమ్మదస్తుడు. ఏదీ దాచలేదు. "జూలై నెల కింద జాగ ఖాళీ మిగిలిందన్నా. మా బెత్సీ చెప్పిన మాట యాదికొచ్చింది, ఏసిన."

"మరి చైనా ముని?"

"కింద బెత్సీ అని ఏస్తే ఎవరు సదువుతరు? చైనా అంటే అడగనీకి ఆడిదాంక ఎవరు పోతరు?"

"ఈ గడ్డం బొమ్మ?"

"అత్తర్ల దుకాణమాయన కోసం గీయించింది. ఆయనకు నచ్చలే."

టీ తెచ్చిన ఆయన భార్య బెత్సీ నవ్వు ఆపుకోలేకపోయింది. "నా మాట గాదన్నా. పోయినేడు వానలకు స్టేషన్ రోడ్డు మునిగింది సూడు, గప్పుడు జామపండ్ల కిష్టవ్వ అన్నది. నేను ఆమె బండి పక్కన్నే నిలబడ్డ. రా, చూపిస్త."

కిష్టవ్వ బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కూర్చుని ఉంది. గొడుగు పట్టుకుని వచ్చి ప్రశ్నలడుగుతున్న మనిషిని చూసి మున్సిపాలిటీ వాడనుకుంది. బెత్సీ సర్దిచెప్పాక పెదవి విప్పింది.

"ఔ, నేనే అన్న. గీడ మ్యాన్‌హోల్ మూత తీసి పోయిన్రు. నీళ్లల్ల కనవడ్తలేదు. ఒకాయన స్కూటర్ మీద ఫోన్ల మాట్లాడుకుంట సక్కగ దాని మీదికే వస్తుండు. 'ఆగురా గుడ్డోడా, నిలబడి సూసినోనికే లోతు తెలుస్తది' అని ఒర్రిన."

"ఆగిండా?"

"యాడ ఆగుతడు! నడుం దాంక దిగిండు. అందరం కల్సి గుంజినం. బయటికొచ్చి నన్నే తిట్టిండు, గింత మెల్లగ చెప్తె ఎట్ల ఇనవడ్తది అని."

శ్యామ్‌సుందర్ గొడుగు పక్కకు వాలి భుజం తడిసిపోతున్నా కదల్లేదు. ఎన్నో మాటల వెంట పడ్డాడు గానీ, అన్న మనిషి ఇలా ఎదురుగా కూర్చుని ఉండటం ఇదే మొదలు. ఆ మాట బ్యాంకుల దాకా పోయిందని, పళ్ల డాక్టరు గోడ ఎక్కిందని సంబరంగా చెప్పాడు.

"గుడ్డోడా అన్నది గూడ రాసిన్రా?" అని అడిగింది కిష్టవ్వ.

"లేదవ్వా."

"మరి గదే గద అసలు మాట!"

షీల్డులు తయారయ్యాయి. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటేనే గౌరవమని వెంకటేశ్వర్లు పట్టుబట్టాడు కాబట్టి, శ్యామ్‌సుందర్ కిష్టవ్వ పేరును ఇంగ్లిషులోనే చెక్కి, ఎవరికీ చెప్పకుండా పెట్టెలు కట్టించాడు. ఖైరతాబాద్‌లో సభకు అహల్యను కూడా తీసుకెళ్లాడు. వేదిక మీద వెంకటేశ్వర్లు మొదటి షీల్డు ఎత్తి, మాట చదివి, పేరు దగ్గర ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే. వెంటనే తేరుకుని, "అన్నదెవరో తెలుసా? సుప్రసిద్ధ రష్యా తత్త్వవేత్త, మేడమ్ కిష్టోవా!" అన్నాడు. హాలు చప్పట్లతో మోగింది.

సభ ముగిశాక శ్యామ్‌సుందర్ ఆయన్ను పట్టుకుని, "రష్యా గాదు సార్, నాంపల్లి" అన్నాడు.

"ఊరుకోండి సార్, నాంపల్లి అంటే ఎవరు చప్పట్లు కొడతారు?" అని ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే అహల్య ఫోన్‌కు మేడమ్ కిష్టోవా సూక్తి వచ్చింది, బొచ్చుటోపీ పెట్టుకున్న తెల్లావిడ ఫొటోతో సహా. ఆవిడ చాలా బాధపడుతున్నట్టు ఎటో చూస్తోంది. శ్యామ్‌సుందర్ రెండు పూటలు సరిగా తినలేదు. తర్వాత లేచి, మంచి ఇత్తడి రేకు తీసి, కిష్టవ్వ అన్నది అన్నట్టుగా, గుడ్డోడాతో సహా చెక్కి, కింద ఆమె పేరు తెలుగులో వేసి, తీసుకెళ్లి బండికి బిగించాడు.

ఆయన మేకులు కొడుతుండగానే కాలేజీ సంచి తగిలించుకున్న ఒకమ్మాయి ఆగి చదివింది. "భలే ఉందవ్వా! ఎవరు రాసిన్రు?"

"నేనే అన్న బిడ్డా."

"పో అవ్వా, జోకులు!" అని ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

శ్యామ్‌సుందర్ సుత్తి పక్కన పెట్టి నోరు తెరవబోయాడు. కిష్టవ్వ ఉప్పుకారం చల్లిన జామముక్క ఆయన చేతిలో పెట్టి, "నువ్వు తిను సారూ" అని, పిల్ల వైపు తిరిగింది.

"ఎవరంటె ఏంది బిడ్డా, దోరవి ఇయ్యాల్నా, పండినవి ఇయ్యాల్నా?"