అయిదో అంతస్తు ఎక్కేసిన నా జర్మన్

పదిహేను నిమిషాల్లో ఒక మనిషి పరువు ఎంతవరకు పోవచ్చో మీకెవరికైనా సందేహం ఉంటే, నన్నడగండి. రెండేళ్ల కిందట ఆ లెక్క నేను ముంబయి కామాటిపురలో, గదికో కాపురముండే మా చాలీలో, ఫోన్ ముందు కూర్చుని స్వయంగా తేల్చాను. నవ్వదలిస్తే ఇప్పుడే మొదలుపెట్టండి. ఆపుకుంటే కడుపులో నొప్పి వస్తుంది. నర్సుని, చెబుతున్నాను.

నర్సునే గానీ మా పాప చిన్ని పుట్టాక ఉద్యోగం మానేశాను. దాన్ని ఒళ్లో ఊపుతూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఏడాదిపాటు వీడియోలు చూసి జర్మన్ నేర్చుకున్నాను. ఎందుకంటే దాదర్‌లో ఒక భాషాకేంద్రం వాళ్లు, జర్మనీ ఆస్పత్రుల్లో చేరదలచిన నర్సులకు బ్యాచ్ మొదలుపెడుతున్నారని తెలిసింది. పన్నెండే సీట్లు. పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చట. ఆ ఒక్క మాటకే నాకు జర్మనీ మేనమామ ఇల్లులా కనిపించింది.

జర్మన్‌కి ఆరు మెట్లుంటాయి. ఈ బ్యాచ్‌కి రెండో మెట్టు పూర్తిచేసి ఉండాలి. నేను ఏ మెట్టు మీదున్నానో నాకే తెలీదు. వీడియోలో మాస్టారు ప్రతి పాఠం చివరా "శభాష్!" అనేవాడు. కానీ ఆయన అందరినీ అంటాడు కదా! అసలే నేను భయస్తురాలిని. చిన్ని తుమ్మితే న్యుమోనియా అనుకుంటాను. తుమ్మకపోతే, పొద్దుటి నుంచి ఎందుకు తుమ్మలేదా అని కూర్చుంటాను. అలాంటిదాన్ని "మీ స్థాయి మీరే అంచనా వేసుకోండి" అని ఫారం పంపారు.

అందులో ముప్పై వాక్యాలు. వచ్చిన వాటికి టిక్కు పెట్టాలి. "నా పేరు చెప్పగలను" దగ్గర బుద్ధిగా మొదలై, పోనుపోను మనిషి తల తినే సంగతుల్లోకి వెళ్లిపోయాయి. పక్కనే అత్తమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో తట్టలు మోసి, తాపీ పట్టిన మనిషి.

"ఏం పిల్లా, ఆడ్నే ఆగినవ్?"

"డాక్టర్ల ఉపన్యాసం అర్థమైతదా అని అడుగుతున్నరు అత్తమ్మా. నాకు కాదు గదా."

"కాదంటవా? నాకా మీద ఎవడన్న రాదంటడా?"

నాకా అంటే కూలీలు పొద్దున్నే పనికోసం నిలబడే కూడలి. అక్కడి ధర్మశాస్త్రం అత్తమ్మ ఒక్క ముక్కలో చెప్పింది.

"మేస్త్రి 'ప్లాస్టర్ ఒస్తదా' అంటడు. 'ఒస్తది' అనాలె. లారీ ఎక్కాలె. మిగిలింది పైకి పొయ్యినంక చూస్కుంటం. నేను గట్లనే అన్న. రాదంటే లారీ పాయె, కూలి పాయె!"

"మరి నీకప్పుడు ప్లాస్టర్ వచ్చా?"

"కరణీ, గదే తాపీ, పట్టుడు గూడ రాదు. కొట్టు, టిక్కు కొట్టు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఓడిపోయాను. ఉపన్యాసాలు అర్థమవుతాయి, టిక్కు. పత్రికకు వ్యాసం రాయగలను, టిక్కు. తాత్విక చర్చలో ఎదుటివారిని ఒప్పించగలను, టిక్కు. వెల్లుల్లి అయిపోయేసరికి నేను జర్మన్ మహాపండితురాలినయ్యాను.

ఫారం పంపించాక కింద చిన్నక్షరాలు చదివాను. మీకు తెలిసిందే, మన దేశంలో చిన్నక్షరాలు ఎప్పుడూ తర్వాతే చదువుతాం. "ఇంటర్వ్యూలో మీ మాటకీ మీరు చెప్పుకున్న స్థాయికీ పొంతన లేకపోతే దరఖాస్తు రద్దు. ఏడాది దాకా మళ్లీ పంపరాదు." మర్నాడే జవాబొచ్చింది. నేను అయిదో మెట్టట! సీనియర్ మేడమ్ మాట్లాడతారట!

ఇంటర్వ్యూ ఆ సాయంత్రమే నాలుగింటికి. మా ఇల్లు ఒకటే గది. వెనక గిన్నెల అలమర కనిపించకుండా దుప్పటి కట్టాను. దుప్పటి వెనక చిన్నిని ఎత్తుకుని అత్తమ్మ. చప్పుడు చేయొద్దని చెప్పి, ఇద్దరి చేతుల్లో చెరో బిస్కెట్టు పెట్టాను.

నెరిసిన జుట్టు, చక్కని నవ్వు ఉన్న మేడమ్ తెరమీదకొచ్చి ఒక ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న లోకల్ రైల్లా చర్చ్‌గేట్‌లో బయల్దేరి విరార్‌లో ఆగింది. మధ్యలో నాకు తెలిసిన స్టేషన్ ఒక్కటీ రాలేదు.

"యా," అన్నాను. అవునని.

ఇంకోటి అడిగారు.

"యా."

మూడోది అడిగి కళ్లద్దాలు తీశారు. ఎందుకైనా మంచిదని ఈసారి "నైన్" అన్నాను. కాదని. ఆవిడ నొసలు ముడిపడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మాట్లాడలేక నెట్‌వర్క్ బాగాలేదన్నాను. సీటు పోయింది, ఏడాది పోయింది, చిన్ని పెద్దదైపోయింది, నేను ముసలిదాన్నైపోయాను అని క్షణంలో అనేసుకున్నాను.

సరిగ్గా అప్పుడు దుప్పటి మధ్యలోంచి తోలుబొమ్మలా ఒక తల బయటికొచ్చింది.

"ఏమంటున్నది ఆమె? ఒస్తదని చెప్పు!"

మేడమ్ జర్మన్‌లో అడిగారు. "ఈవిడెవరు?"

దేవుడా, ఇది అర్థమైంది! ఏడాదిగా ఆనకట్ట వెనక నిలబడ్డ నీళ్లన్నీ ఒక్కసారి దూకాయి. నా జర్మన్‌ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను, భరించండి.

"ఇది నా అత్త. అత్త ఇళ్లు కట్టింది. చాలా ఇళ్లు కట్టింది. మాకు ఒక గది ఉంది. పొద్దున మనుషులు నిలబడతారు. లారీ వస్తుంది. పెద్దమనిషి అడుగుతాడు, నీకు వచ్చా? అందరూ అంటారు, వచ్చు! ఎవరికీ రాదు. నిన్న నేను ఫారం చూశాను. అత్త చెప్పింది, అన్నీ నొక్కు. నేను అన్నీ నొక్కాను. నేను భయపడుతున్నాను. నేను మంచి నర్సుని."

మేడమ్ నవ్వారు. అడిగారు, చెప్పాను. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. తాపీ, పరంజా, సిమెంటు, మాట రానిచోట చేతులు. చివరికి ఆవిడ కళ్లు తుడుచుకుని, అత్తమ్మ వైపు తిరిగి మరాఠీలో అడిగారు. "ఆజీ, మొదటిరోజు ప్లాస్టర్ ఎలా కుదిరింది?"

అత్తమ్మ కూడా మరాఠీలోనే, ఏ సంకోచమూ లేకుండా జవాబిచ్చింది. "ఎక్కడ కుదిరింది, బాయీ! మధ్యాహ్నానికి మొత్తం రాలి కింద పడింది. మేస్త్రి తిట్టి ఇసుక జల్లించే పనిలో పెట్టాడు. అక్కడి నుంచి ఒక్కో పనే నేర్చుకున్నాను."

నేను నోరు తెరిచాను. "అత్తమ్మా! గీ ముక్క నిన్న చెప్పొద్దా?"

"నువ్వడిగినవా?"

మేడమ్ నాకర్థమయ్యే జర్మన్‌లో మెల్లగా తీర్పు చెప్పారు. "అయిదో మెట్టు కాదు. దాని దరిదాపుల్లో కూడా లేవు. కానీ పది నిమిషాలు ఆగకుండా ఒక కథ చెప్పి నన్ను నవ్వించావు. రెండో మెట్టు గట్టిగా ఉంది. మాకు కావలసింది అదే. ఫారం నేను దిద్దుతాను. సోమవారం రా, పాపని తీసుకురా."

ఫోన్ పెట్టేసి నేనరిచిన అరుపుకి ఫాక్‌లాండ్ రోడ్ మీద టాక్సీలు ఆగాయని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఇక అత్తమ్మ పంపు దగ్గర బకెట్ పెట్టి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఒకటే పాట. "మా కోడలికి జర్మన్ ఒస్తది!"

"ఎంత ఒస్తదక్కా?"

"రెండో అంతస్తు దాంక స్లాబ్ పడ్డది. ఇంక నాలుగున్నయ్."

నా స్థాయిని ఇంత కచ్చితంగా ఏ పరీక్షా చెప్పలేదు.

కాబట్టి, పాఠకులారా, ఆనాటి దుప్పటి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఫారం ముందు కూర్చున్నా రానిదాన్ని వచ్చని అనను. అత్తమ్మ చెప్పిన ఏ కథకైనా రెండో సగం విన్నాకే టిక్కు పెడతాను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం నాకొచ్చా అని మాత్రం అడక్కండి.

వచ్చు.